ట్రాక్టర్ టైర్లలో నీళ్లు నింపడం ఎలా?

రేగడి చేలో దుక్కి దున్నుతుంటే ట్రాక్టర్ వెనక టైర్లు ఉన్నచోటే గిర్రున తిరుగుతున్నాయా? బరువు చాలడం లేదేమో. అయితే తొందరపడి నీళ్లు పోసేయకండి. ముందు జారుడు ఎంతో కొలవాలి.

వెనక టైరు మీద సుద్దతో గీత పెట్టండి. గొర్రు పైకెత్తి, అదే చేలో ఆ టైరు పది చుట్లు తిరిగేదాకా నడిపి దూరం కొలవండి. గొర్రు దించి, దున్నుతూ మరో పది చుట్లు. మొదట 40 మీటర్లు వచ్చి, దున్నేటప్పుడు 32 మీటర్లే వస్తే 20 శాతం జారినట్టు. 10 నుంచి 15 శాతం దాకా పరవాలేదు. అది దాటితేనే బరువు. జారుడు మరీ తక్కువైతే ఉన్న బరువే ఎక్కువ. నేల గట్టిపడుతుంది, డీజిల్ దండగ.

బరువు కావాలని తేలిందా? గట్టి నేల మీద, వాల్వు సరిగ్గా పైకి వచ్చేలా బండి ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. వెనక ఇరుసును జాకీతో లేపి, కింద దిమ్మలు పేర్చండి. జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు. మొహం పక్కకు పెట్టుకుని వాల్వు పిన్ను విప్పండి. గాలంతా పోయాక నీళ్లు నింపే అడాప్టర్ బిగించి పైపు తగిలించండి. గాలి బయటికొచ్చే సన్నని దారి ఈ అడాప్టర్‌కు ఉంటుంది. అందులోంచి నీళ్లు చిమ్మగానే పైపు కట్టేయండి: టైరు ముప్పాతిక వంతు నిండింది. 13.6-28 సైజు టైరైతే సుమారు 200 లీటర్లు, అంటే 200 కిలోలు. మిగతా పావు వంతు గాలికే వదలాలి. నిండా నీళ్లే ఉంటే టైరుకు సాగే గుణం పోయి గతుకుల్లో దెబ్బతింటుంది. పిన్ను బిగించి మాన్యువల్‌లో రాసినంత గాలి పట్టండి. రెండో టైరుకూ అంతే.

ముందు చక్రాలు లేస్తుంటే మాత్రం ఈ నీళ్లు పనికిరావు. దానికి బంపరుకు తగిలించే ఇనప వెయిట్లే మందు. బంపరు మీద మనిషిని నిలబెట్టడం కొన్ని ఊళ్లలో ఇంకా ఉంది. అది బరువు కాదు, ప్రాణం.

వరి మడిలో దమ్ముకు దిగేముందు నీళ్లు తీసేయండి, లేకపోతే బండి కూరుకుపోతుంది. టైరు లేపి, వాల్వు కిందికి తిప్పి పిన్ను తీస్తే చాలావరకు వాటంతటవే కారిపోతాయి.