నోటిపూత - మన చుట్టూ ఉన్న వగరు మందులు

మా హాస్టల్లో సాంబారు వడ్డించిన రోజున ఎవరికి నోరు పూసిందో అడగనక్కర్లేదు. అన్నంలో మజ్జిగ పోసుకుని, ఒక పక్కనే నములుతున్నవాడే ఆ మిత్రుడు. పెద్దలు "వేడి చేసింది" అంటారు. పరీక్షల ముందు ఈ బాధ మరీ ఎక్కువ. నెలనెలా వచ్చేవారు కూడా మాలో ఉన్నారు. కనుక మేము తెలుసుకున్న సంగతులు తోటి విద్యార్థుల కోసం రాస్తున్నాము.

పెదవి లోపల, బుగ్గ లోపల, నాలుక అంచున తెల్లగా లేచి, చుట్టూ ఎర్రగా ఉండే చిన్న పుండే నోటిపూత. ఇది అంటువ్యాధి కాదు. చిన్న పుండు ఏ మందూ వేయకపోయినా వారం నుంచి రెండు వారాల్లో మానుతుంది. అందుచేత "ఫలానా ఆకు నమిలితే పది రోజుల్లో పోయింది" అని ఎవరైనా అంటే, ఆ గొప్ప ఆకుదా, పది రోజులదా అని ఆలోచించాలి! పైన వేసే మందు పని నొప్పి తగ్గించి మనల్ని నాలుగు ముద్దలు తిననివ్వడం.

మన ఇల్లందు అడవుల్లో, పెరళ్లలో దొరికే మందులు చూడండి. కరక్కాయ, తానికాయ, తుమ్మ బెరడు, జామ చిగురు - అన్నీ వగరే. వగరుకు కారణం టానిన్లు. ఇవి పుండుపై ఉన్న మాంసకృత్తులను గట్టిపరచి పలుచని పొరలా చేస్తాయి. అప్పుడు కారం నేరుగా తగలదు. కరక్కాయ గింజ తీసేసి, పెచ్చు దంచి, చెంచాడు పొడిని గ్లాసు నీళ్లలో మరిగించి, చల్లార్చి వడగట్టి పుక్కిలించాలి. మింగవద్దు. కరక్కాయకు విరేచనం చేసే గుణం ఉంది, తర్వాత బాత్రూం దగ్గర క్యూలో నిలబడాలి.

తేనె పని వేరు. అందులో చక్కెర ఎక్కువ, నీరు తక్కువ, కాబట్టి సూక్ష్మజీవులు పెరగలేవు. పడుకునే ముందు పుండును శుభ్రమైన గుడ్డతో అద్ది, తేనె రాయాలి. గదిలో అందరూ ఒకే సీసాలో వేళ్లు ముంచకూడదు. ఏదీ దొరకకపోతే గోరువెచ్చని ఉప్పునీరు చాలు. తలనొప్పి మాత్ర నూరి పుండుపై పెట్టడం మాత్రం ప్రమాదం. ఆస్ప్రిన్ చర్మాన్ని కాలుస్తుంది.

మరి మళ్లీ మళ్లీ ఎందుకు వస్తుంది? కొందరికి వంశపారంపర్యం, కొందరికి దిగులు, నిద్రలేమి. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి2, బి12 విటమిన్లు తగ్గినా వస్తుంది. వీటిని పైపూత మందు ఇవ్వలేదు. బి12 ఆకుకూరల్లో ఉండదు. పాలు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది. గుడ్డును పక్కవాడికిచ్చి బదులుగా అరటిపండు తీసుకునే మిత్రులు ఇది గమనించాలి. బియ్యాన్ని నాలుగుసార్లు కడిగి గంజి వార్చేస్తే బి విటమిన్లు కొంత కాలువలో కలుస్తాయి. తోటకూర, పెసలు, పల్లీలు తింటే ఫోలిక్ ఆమ్లం అందుతుంది. నెలనెలా పూసేవారు ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకుంటే లోపం తెలుస్తుంది.

మూడు వారాలు దాటినా మానని పుండు, నొప్పి లేకుండా గట్టిపడిన పుండు, జ్వరంతో వచ్చిన పుండు - వీటికి కరక్కాయ పనికిరాదు. ఇంట్లో గుట్కా, ఖైనీ వేసుకునే పెద్దలుంటే వారి నోటిలో ఇలాంటిది కనబడినప్పుడు "వేడే" అని ఊరుకోక, సెలవులకు వెళ్లినప్పుడు మనమే వెంటబెట్టుకుని డాక్టరుకు చూపించాలి.