‘వెజిటేరియన్’ అని ఉంటే చాలదు

ప్రశ్న: మేం గుడ్డు కూడా తినం. ఇంగ్లండులో బాత్, యార్క్ చూడాలనుంది. తిండికి ఇబ్బంది పడతామా?

జవాబు: పడరు. కాకపోతే మెనూలో ‘వెజిటేరియన్’ అన్న మాటతో ఆగక, ‘వీగన్’ అని రాసి ఉన్నదే అడగండి. అక్కడి వెజిటేరియన్ వంటకంలో గుడ్డు ఉండొచ్చు. శాకాహారుల సంఘం 1847లోనే రామ్స్‌గేట్‌లో పుట్టిన దేశమది, అడగడానికి మొహమాటం వద్దు. వీగన్ అంటే పెరుగు, వెన్న కూడా ఉండవు కదా అంటారా? నిజమే, కానీ అవి సూపర్‌మార్కెట్‌లో విడిగా దొరుకుతాయి. తెలియక తిన్న గుడ్డుకు మాత్రం విరుగుడు లేదు. యార్క్‌షైర్‌లో చాలాచోట్ల బంగాళాదుంప చిప్స్‌ను గొడ్డు కొవ్వులో వేయిస్తారు. దేనిలో వేయించారో అడిగాకే కొనండి. బాత్‌లో రోమన్ స్నానవాటికలు, యార్క్‌లో మిన్‌స్టర్ అనే పెద్ద చర్చి, ఒకప్పటి కసాయి వీధి షాంబుల్స్ తీరిగ్గా చూడాల్సినవే. అయితే మధ్యాహ్న భోజనం తర్వాత చాలా పబ్బుల్లో వంట ఆపేస్తారు, రెండింటిలోపే తినేయండి.