ఫోన్లో అడిగేవన్నీ సైట్లో ఉన్నాయా?

కొట్లో ఫోను పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఫోన్ చేసినవాళ్లు ఏమడిగారో వారం రోజులపాటు వాళ్ల మాటల్లోనే రాయండి. "కిలో ప్యాకెట్లున్నాయా, దిమ్మే తీసుకోవాలా?" "హైడ్రోస్ వేసిన బెల్లమా?" "హైదరాబాద్ పంపిస్తారా? ఎన్ని రోజులు పడుతుంది?" "ఆదివారం తీసి ఉంటుందా?" వారం తిరిగేసరికి ఓ పది ప్రశ్నలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. అప్పుడు మీ వెబ్‌సైటు తెరిచి, ఆ పదింటిలో ఎన్నింటికి అక్కడ జవాబుందో లెక్కపెట్టండి.

చిన్న వ్యాపారుల సైట్లు చూసినప్పుడల్లా నన్ను బాధపెట్టేది ఇదే. "నాణ్యతే మా ధ్యేయం, వినియోగదారుల సంతృప్తే మా లక్ష్యం" అని పెద్ద అక్షరాలుంటాయి. పక్కన ఎవరివో కరచాలనం చేస్తున్న చేతుల బొమ్మ. కొట్లోనేమో అదే యజమాని చిన్న ముక్క విరిచి చేతిలో పెట్టి, అరిసెలకు ఏది బాగుంటుందో, పాకం ఏది తొందరగా పడుతుందో ఓపిగ్గా చెబుతాడు. ఆ మాట సైట్లో ఎక్కడా వినపడదు. సైటు కూడా ఒక కౌంటరే. కొట్లో చెప్పేదే అక్కడా చెప్పాలి.

బెల్లం సంగతే చూద్దాం. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో మన అనకాపల్లిది ఒకటి. చెరకు మీద 1913 నుంచి పనిచేస్తున్న పరిశోధన కేంద్రం కూడా ఊళ్లోనే ఉంది. ఈ ఊరి పేరు చెబితే చాలు, బెల్లం గురించి వేరే ప్రచారం అక్కర్లేదు. అయినా కొనేవాళ్లకు రంగు దగ్గర అనుమానం వస్తుంది. దిమ్మ పసుపుపచ్చగా మెరిసిపోతుంటే రంగు తేలడానికి వేసే హైడ్రోస్ ఎక్కువ పడిందేమోనని, ముదురుగా ఉంటే పాత సరుకేమోనని. ఈ అనుమానం తీర్చే పేజీ ఒక్కటి ఉంటే అది పది ప్రకటనల పెట్టు. చెరకు ఏ మండలంలోది, ఏ నెలలో వండింది, వండేటప్పుడు ఏమేం వేశారు, వానాకాలంలో చెమ్మగిల్లకుండా ఎలా దాచుకోవాలి, ఇవన్నీ సూటిగా రాయండి. పరీక్ష చేయించిన రిపోర్టు ఉంటే దాని ఫొటో పెట్టండి. ధ్రువీకరణ లేకుండా "ఆర్గానిక్" అన్న మాట మాత్రం వాడొద్దు. అది చట్టంతో పని. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చిన 14 అంకెల నంబరు మొదటి పేజీలోనే కనిపించాలి. దూరాన ఉన్నవాళ్లు మీ గురించి తెలుసుకునే మొదటి ఆధారం అదే.

ధర పెట్టాలంటే వ్యాపారులు వెనకాడతారు. మార్కెట్ యార్డులో రేటు రోజుకో తీరుగా ఉన్నప్పుడు ఏం రాస్తామని అడుగుతారు. అది న్యాయమే. దిమ్మల రేటుకు ఫోన్ చేయమనండి. కిలో, అరకిలో ప్యాకెట్లకు మాత్రం ధర రాయండి, కింద తారీఖు వేయండి. ధర కనిపించకపోతే చాలామంది ఫోన్ చేయరు, పక్క సైటుకు వెళ్లిపోతారు.

ఇక అక్షరాల విషయం. చాలామంది గమనించని నష్టం ఇక్కడే ఉంది. మన ఊళ్లలో తెలుగు టైపు అంటే ఏళ్ల తరబడి డీటీపీ సెంటరే, అక్కడ అను ఫాంట్లే. కరపత్రానికి, ఫ్లెక్సీకి అవి బాగానే పనికొస్తాయి. ఆ ఫైలునే తీసుకెళ్లి సైట్లో అతికిస్తే చదివేవాళ్ల ఫోన్లో అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. ఆ బాధ ఎందుకని డిజైనరు తెలుగంతా బొమ్మగా మార్చి పెట్టేస్తాడు. చూడ్డానికి అందంగానే ఉంటుంది. కానీ గూగుల్ వెతికేటప్పుడు బొమ్మలోని రాతను పేజీలోని రాతలా లెక్కలోకి తీసుకోదు. చూపు లేనివాళ్లకు ఫోన్ చదివి వినిపించలేదు. ఎవరైనా ఒక వాక్యం కాపీ చేసి బంధువుకు పంపాలన్నా కుదరదు. కాబట్టి డిజైనరును మొదట అడగాల్సిన మాట ఇది: "తెలుగు యూనికోడ్‌లో ఉందా?" వేలు పెట్టి నొక్కి పడితే అక్షరాలు ఎంపిక అవుతున్నాయంటే అవి బొమ్మలో లేనట్టే. వాట్సాప్‌లో అతికిస్తే అదే తెలుగు కనిపించిందా, యూనికోడే. మండలి, రామభద్ర, గురజాడ, సురవరం లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. అందం కోసం అక్షరాన్ని బొమ్మ చేయాల్సిన అవసరం ఇప్పుడు లేదు.

ఊరి పేరుతోనూ ఒక చిక్కుంది. ఇంగ్లీషులో కొందరు చివర ఐ (i) రాస్తారు, కొందరు ఈ (e) రాస్తారు. రైల్వే స్టేషన్ బోర్డు మీద ఉన్నది ఈ (e). మీ పేజీలో తెలుగు పేరుతోపాటు రెండు స్పెల్లింగులూ ఎక్కడో ఒకచోట ఉండేలా చూడండి. బెల్లానికి కూడా అంతే. ఒడిశా, బెంగాల్ వ్యాపారి "అనకాపల్లి గుడ్" అని వెతుకుతాడు, బెంగళూరులో ఉన్న అమ్మాయి "జాగరీ" అంటుంది. వాళ్లు వాడే మాట మీ పేజీలో లేకపోతే మీరు వాళ్ల కంటపడరు.

చిరునామా కూడా చూసుకోండి. అనకాపల్లి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. ఇప్పటికీ విశాఖపట్నం జిల్లా అనే ఉన్న సైట్లు, బిల్లు పుస్తకాలు కనిపిస్తూనే ఉన్నాయి. సైట్లో ఒక జిల్లా, గూగుల్ మ్యాప్‌లో ఇంకో జిల్లా, బిల్లు మీద వేరే ఫోన్ నంబరు ఉంటే కొత్తగా చూసేవాళ్లకు నమ్మకం ఎలా కుదురుతుంది? మూడుచోట్లా ఒకటే పేరు, ఒకటే చిరునామా, ఒకటే నంబరు ఉండాలి.

ఫొటోల గురించి చెప్పాలంటే ఏటికొప్పాక గుర్తొస్తుంది. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రను తిప్పి, లక్కలో సహజ రంగులు కలిపి అద్దే ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగుల కోసం కృషి చేసిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలదే. టీవీలో ఆ శకటం చూసి ఎక్కడో ఢిల్లీలో ఉన్న తల్లి ఫోన్లో వెతికిందనుకోండి. ఆమెకు కావలసిందేమిటి? బొమ్మ ఎంత పొడవు? పసిపిల్ల నోట్లో పెట్టుకున్నా ఫర్వాలేదా? రంగు దేనితో చేశారు? అలాంటప్పుడు తెల్లటి వెనకతెర మీద మెరిసే ఒక్క ఫొటో చాలదు. అరచేతిలో పెట్టి తీసినది ఒకటి, లేత్ దగ్గర పని చేస్తున్న చేతులది ఒకటి కావాలి. బెల్లానికైనా, మాడుగుల హల్వాకైనా ఇదే వర్తిస్తుంది. మీ పెనం, మీ చేతులు, మీ కొట్టు బోర్డు చూపించండి. నెట్‌లో దొరికిన బొమ్మలు వద్దు.

అయితే ఫోన్లో తీసిన ఫొటోను ఉన్నదున్నట్టు ఎక్కిస్తే ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటుంది. దాన్ని రెండు వందల కేబీ లోపుకు తగ్గించాలి. పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలో కనిపించాలన్నది గూగుల్ పెట్టిన కొలత. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మీ చిరునామా కొడితే ఎంత పడుతుందో ఉచితంగా చెబుతుంది. ఇంట్లో వైఫై మీద చూసి సంతృప్తి పడకండి. జనం కిటకిటలాడే వేళ బజారులో నిలబడి, మొబైల్ డేటా మీద తెరిచి చూడండి.

ఆర్డరు ఫారం చిన్నదిగా ఉండాలి. ఒక గడి మాత్రం తప్పకుండా చేర్చండి: పార్సిల్ అందుకునేవారి పేరు, ఫోన్ నంబరు. అమెరికాలో ఉన్న కొడుకు డబ్బు కడతాడు, సరుకు వెళ్లాల్సింది కూకట్‌పల్లిలో అమ్మ దగ్గరికి. కొరియర్ వాడు అమెరికా నంబరుకు ఫోన్ చేస్తే పార్సిల్ వెనక్కి వస్తుంది. ఆర్టీసీ కార్గోలో పంపితే బస్టాండుకు వెళ్లి తెచ్చుకోవాలో అక్కర్లేదో ముందే రాయండి. యూపీఐలో డబ్బు పంపేటప్పుడు తెర మీద ఏ పేరు వస్తుందో కూడా రాయండి. కొట్టు పేరు ఒకటి, వచ్చే పేరు ఇంకొకటి అయితే జాగ్రత్తపరులు అక్కడే ఆగిపోతారు. వాట్సాప్ బటన్ పెడితే దాన్ని చూసే మనిషి ఒకరుండాలి. రాత్రి వచ్చిన మెసేజికి పొద్దున తొమ్మిదికి జవాబిస్తామని వాట్సాప్ బిజినెస్‌లో ముందే రాసిపెట్టుకోవచ్చు.

ఏడాదికి నాలుగుసార్లు మొదటి పేజీ మార్చండి, చాలు. సంక్రాంతి అరిసెలకు ముందు ఒకసారి. ఉగాదికి ముందు కొత్త అమావాస్యకు నూకాలమ్మ జాతర మొదలవుతుంది కాబట్టి అప్పుడొకసారి. ఆ నెలంతా బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు టిఫిన్ సెంటరు, లాడ్జి, కారు పెట్టుకునే చోటు ఫోన్లోనే వెతుకుతారు. వినాయక చవితికి మరోసారి, గానుగాట మొదలైనప్పుడు ఇంకోసారి.

చివరిగా, ఈ రాత్రే చూడాల్సిన పని ఒకటుంది. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో ఉచితంగా వచ్చిన సైట్లు 2024 మార్చిలో మూతపడ్డాయి. విజిటింగ్ కార్డు మీద ఆ పాత చిరునామా ఇంకా ఉందేమో చూడండి. సొంత డొమైన్ ఉంటే అది ఎవరి ఈమెయిల్ మీద ఉందో కనుక్కోండి. చాలాసార్లు అది సైటు కట్టిన కుర్రాడి పేరు మీద ఉంటుంది. అతనికి ఉద్యోగం వచ్చి ఊరు మారితే రెన్యూవల్ గడువు ఎప్పుడో మీకు చెప్పేవాళ్లుండరు. అతనికి ఫోన్ చేసి, డొమైన్ ఖాతాను మీ ఈమెయిల్‌కు మార్పించుకోండి. పాస్‌వర్డు, గడువు తారీఖు కొట్టు ఖాతా పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి.