శతాధిపతియు, మన కల్నలును
(పాఠము: మత్తయి 8:5-13)



కపెర్నహూములోని శతాధిపతికి సైనికులపై అధికారము కలదు. అయినను అతడు యేసునొద్దకు వచ్చినది తన కొరకు కాదు, జబ్బుపడిన దాసుని కొరకు. తనపైనను అధికారులున్నారని అతడు మరువలేదు.

ఈ పాఠమును చదువునప్పుడు మాకు కల్నల్ సంతోష్ బాబు జ్ఞాపకమునకు వచ్చును. సూర్యాపేటవాడైన ఈయన మన పొరుగు జిల్లాయైన విజయనగరములోని కోరుకొండ సైనిక పాఠశాలలో చదివెను. 2020లో లడఖ్‌లోని గల్వాన్ లోయయందు 16వ బీహార్ దళమునకు అధిపతిగా నుండెను. సరిహద్దు రేఖకు రెండు కిలోమీటర్లలోపల తుపాకి కాల్చరాదని భారత, చైనాలు 1996లోనే ఒప్పుకొనియుండెను. జూన్ 15 రాత్రి చైనా సైనికులు రాళ్లతోను, పదునైన ఆయుధములతోను పైబడిరి. ఆయన తీవ్రముగా గాయపడియు వెనుదీయక, తనవారికి ముందు నిలిచి ప్రాణము విడిచెను. ఆ పోరులో మనవారు 20 మంది మరణించిరి. 2021లో ఆయనకు మహావీర్ చక్ర ప్రకటింపబడెను.

యుద్ధమును మనము పొగడము. ఇంటివారి కన్నీరు పతకముతో ఆరునది కాదు. అయినను ఒక సంగతి నేర్చుకొందము: అధికారము పొందినవాడు తన క్రిందివారి బరువును తానే ముందుగా మోయవలెను.

పొలములో కూలీలను పెట్టుకొనువారును, సంఘపు పెద్దలును, కాపరులమైన మేమును ఈ ప్రశ్న వేసికొందము: మన క్రింద పనిచేయువారిలో జబ్బుపడినవాని గడప ఈ నెలలో ఎన్నిమారులు త్రొక్కితిమి?