అన్నమే ఔషధం

'లంఖణం పరమౌషధం' అన్నది పెద్దల మాట. కడుపునిండా తినగలిగినవారి విషయంలో అది సత్యమే. కాని, తినడానికి తిండి లేక రోగగ్రస్తులైనవారికి లంఖణం ఔషధం కాజాలదు. వారి వ్యాధికి అదే మూలం. ఈ సత్యాన్ని గ్రహించి, మందుల చీటీ మీద ఆహారపదార్థాల పేర్లు వ్రాసిన వైద్యుడు డాక్టర్ జాక్ గైగర్.

గైగర్ 1925లో అమెరికాలోని న్యూయార్క్ నగరంలో జన్మించారు. వైద్యవిద్యార్థిగా ఉన్నప్పుడు, 1957లో, దక్షిణాఫ్రికాలోని పోలేలా ఆరోగ్యకేంద్రంలో కొన్ని నెలలు పనిచేశారు. వ్యాధి కారణాన్ని రోగి దేహంలోనే గాక, అతడు నివసించే ఇంటిలోను, త్రాగే నీటిలోను, తినే తిండిలోను వెదకాలని అక్కడ నేర్చుకున్నారు.

1960ల నాటికి మిసిసిపి రాష్ట్రంలోని డెల్టా ప్రాంతంలో నల్లజాతి వ్యవసాయ కూలీల స్థితి అత్యంత దయనీయంగా ఉండేది. పత్తి ఏరే యంత్రాలు, కలుపు మందులు రావడంతో వారికి పనులు లేకుండా పోయాయి. ఆ భూమి సారవంతమైనదే. అయితే దానిలో ఎక్కువ భాగం వారిది కాదు. అందులో ప్రధానంగా పండేది పత్తి గాని తిండిగింజలు కావు. పూర్వం బానిసలుగా బ్రతికినవారు 1887లో స్థాపించుకున్న మౌండ్ బాయూ అనే పట్టణం ఆ ప్రాంతంలోనే ఉంది. టఫ్ట్స్ విశ్వవిద్యాలయం పక్షాన, ప్రభుత్వ నిధులతో, గైగర్, ఆయన సహచరులు 1967లో అక్కడ ఒక ఆరోగ్యకేంద్రాన్ని ప్రారంభించారు.

ఆ కేంద్రానికి వచ్చే పసిపిల్లల్లో అనేకులు పోషకాహార లోపంతో కృశించి ఉండేవారు. ఆకలి ఉన్నంతకాలం మందులు పనిచేయవని వైద్యులకు అర్థమైంది. వారు పాలు, కూరగాయలు, మాంసం మొదలైన వాటిని చీటీల మీద వ్రాసి ఇవ్వసాగారు. స్థానిక కిరాణా వర్తకులు ఆ చీటీలు తీసుకొని సరుకులు ఇచ్చేవారు. ఆ సొమ్మును కేంద్రం మందుల పద్దు నుండి చెల్లించేది. నిధులిచ్చే అధికారులు దీనిని ఆక్షేపించారు. ఆ పద్దు రోగాలను నయంచేసే మందుల కోసమేనని వారి వాదన. పోషకాహార లోపానికి వైద్యగ్రంథాలు చెప్పే చికిత్స ఆహారమే కదా అని గైగర్ బదులిచ్చారు. ఆ మాటకు వారు నిరుత్తరులయ్యారు.

అయితే చీటీ కొన్నాళ్ళ ఆకలిని తీర్చగలదే గాని, ఆకలికి కారణమైన పేదరికాన్ని తొలగించలేదు. అందుచేత గైగర్ సహచరుడైన జాన్ హ్యాచ్ అక్కడి కుటుంబాలను సమీకరించగా, 1968లో ఒక సహకార వ్యవసాయక్షేత్రం వెలసింది. వందలాది కుటుంబాలు అందులో చేరి, పత్తికి బదులు చిక్కుళ్ళు, ఆకుకూరలు, చిలగడదుంపలు పండించుకున్నాయి. చీటీ కోసం చేయి చాచవలసినవారు తమ తిండిని తామే పండించుకోగలిగారు.

గైగర్ 2020లో మరణించారు. పేద రోగులు తాజా పండ్లు, కూరగాయలు పొందేందుకు వైద్యులు చీటీలు వ్రాసి ఇచ్చే పథకాలకు అమెరికాలో 2018 నాటి వ్యవసాయ చట్టం నిధులు సమకూర్చింది. ఒకనాడు ఆక్షేపణకు గురైన చికిత్సకు ఆ విధంగా చట్టం అండ లభించింది. రోగికి ఏది అవసరమో చెప్పడంతో వైద్యుని బాధ్యత తీరదు; అది రోగికి అందుతుందో లేదో విచారించడం కూడా వైద్యధర్మమే.

ప్రశ్నలు
1. 'లంఖణం పరమౌషధం' అన్న మాట ఎవరికి వర్తించదు? ఎందుచేత?
2. ఆహారపు చీటీలు ఇచ్చిన తరువాత కూడా సహకార వ్యవసాయక్షేత్రం ఎందుకు అవసరమైంది?