దిలీపుని గోసేవ

రఘువంశం ద్వితీయ సర్గలో సుదక్షిణాదేవి ప్రాతఃకాలాన నందినీ ధేనువును గంధమాల్యాలతో అర్చించింది. పగలంతా దిలీప మహారాజు చేసిన సేవ వేరు: రుచిగల పచ్చిక తినిపించడం, ఒళ్లు గోకడం, జోరీగలను తోలడం, అడ్డులేక తిరగనివ్వడం. ధేనువు కూర్చుంటేనే తాను కూర్చున్నాడు. అది నీరు త్రాగితేనే తానూ త్రాగాడు.

మా ఆలేరు ప్రాంతంలో ఒకటి రెండు పాడి ఆవులున్న ఇళ్లలో బండల మీద కురచ పలుపుతో ఆవును కట్టివేయడం చూస్తుంటాను. ఆవు రోజుకు 10 నుండి 12 గంటలు పడుకోవాలి. గట్టి నేల మీద పడుకోలేక నిలబడే ఉంటే గిట్టలు చెడతాయి, పాలు తగ్గుతాయి. లీటరు పాలకు 3 నుండి 5 లీటర్ల నీరు కావాలి, ఎండాకాలంలో మరింత. కొట్టంలో పొడి వరిగడ్డి పరచి, పలుపు వదులు చేసి, తొట్టి నిండుగా ఉంచి, నీడ కల్పిస్తే చాలు.

గోదానం చేయదలచిన భక్తులారా! ఆవును ఇచ్చే ముందు అది పడుకోబోయే చోటును ఒకసారి చూడండి. ఆ దానంలో సుఖం ఆవుకూ దక్కాలి.