బొమ్మకు ఒక ఇల్లు: కళాసంస్థలు ఎలా పుడతాయి?

మా హాస్టల్లో బొమ్మలు బాగా వేసేవాళ్లు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు. అంబేద్కర్ జయంతికి చార్టు మీద ఆయన బొమ్మ వేసేదీ, రికార్డు పుస్తకాల్లో అందరి బొమ్మలూ వేసిపెట్టేదీ వాళ్లే. డిగ్రీ కాగానే ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్లలో చేరతాం. బ్రష్షు ట్రంకు పెట్టెలో ఉండిపోతుంది. "బొమ్మలు కూడు పెడతాయా?" అని ఇంట్లో అడిగితే మా దగ్గర జవాబు ఉండదు. ఆ జవాబు కోసమే ఈ వ్యాసం.

తెలుగునాట తొలి అడుగులు

1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య గార్లు మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. అక్కడ ప్రమోద్ కుమార్ చటర్జీ చిత్రకళ నేర్పారు.

1897లో రాజమండ్రిలో పుట్టిన దామెర్ల రామారావు ప్రతిభను ఆ ఊరి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే గుర్తించి, బొంబాయి జె.జె. కళాశాలలో చదువుకునేందుకు సాయపడ్డారు. రామారావు చదువు ముగించి సొంత ఊరికి వచ్చి 1920ల మొదట్లో చిత్రకళాశాల పెట్టారు. 1925లో మశూచి సోకి, 28 ఏళ్లు నిండకుండానే కన్నుమూశారు. అయినా బడి ఆగలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నం దాన్ని నడిపించారు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. రామారావు చిత్రాలను ఈనాటికీ రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో చూడవచ్చు.

బయటి ప్రపంచంలో

సోవియట్ యూనియన్‌లో చిత్రకారుల సంఘం ప్రభుత్వానిది. స్టూడియో, ప్రదర్శన, పని అన్నీ దాని చేతిలోనే. 1991లో ఆ దేశం విడిపోయాక స్వతంత్ర కళాకేంద్రాలు మొదలయ్యాయి. ఉక్రెయిన్‌లోని దొనెత్స్క్ మన విశాఖలాగే ఉక్కు నగరం. అక్కడ మూతపడిన ఇన్సులేషన్ సామగ్రి ఫ్యాక్టరీలో 2010లో 'ఇజోల్యాత్సియా' అనే కళాకేంద్రం వెలిసింది. 2014లో సాయుధ వేర్పాటువాదులు దాన్ని ఆక్రమించి జైలుగా మార్చారు. సంస్థ మాత్రం చావలేదు, రాజధాని కీవ్‌కు తరలి పని సాగించింది.

మనం గ్రహించవలసినది

ఈ రెండు కథల్లోనూ ఒకే సత్యం ఉంది. సంస్థ అంటే భవనం కాదు, ఒకరి తరువాత పని అందుకునే మనుషులు. ఇంకొక మాట. రామారావుకు కూల్డ్రే దొరికారు. మనలాంటి వాళ్లకు అలాంటి పెద్దదిక్కు దొరకడం అరుదు. ఉన్నవాడికి ఇంటివారి అండ ఉంటుంది, లేనివాడికి సంస్థే అండ. అందుకే పేద విద్యార్థికి కళాసంస్థ అలంకారం కాదు, అవసరం.

మన విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లలితకళల విభాగం ఉంది. పేరున్న చిత్రకారుడు వి. రమేష్ అక్కడే పాఠాలు చెప్పారు. బొమ్మలు వేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ కోర్సు గురించి కూడా కనుక్కోవాలి. ద్వారకా నగర్ పౌర గ్రంథాలయానికి పోటీ పరీక్షల పుస్తకాల కోసం వెళ్లినప్పుడు చిత్రకళ పుస్తకాలూ అడిగి చూడండి.

చివరగా పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు మా మనవి. వచ్చే వార్షికోత్సవానికి హాస్టల్లో ఒక గోడ, కొన్ని రంగులు ఇప్పించండి. ఆ గోడను ప్రతి ఏడూ తరువాతి బ్యాచికి అప్పగించే బాధ్యత మాది.